కొత్త ఆపరేటర్‌కి పని నేర్పడం ఎలా: బెంగళూరు మెషిన్ షాపుల కోసం శిక్షణ మార్గదర్శి

పీణ్యలోనో బొమ్మసంద్రలోనో ముప్పై నలభై మంది పనిచేసే మెషిన్ షాపుల్లో శిక్షణ సాధారణంగా రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, కొత్త కుర్రాణ్ణి పాత ఆపరేటర్ పక్కన నిలబెట్టి "చూస్తా ఉండు, అదే వస్తుంది" అనడం. రెండోది, ఆడిట్ దగ్గర పడ్డాక అందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి, గంటన్నర స్లైడ్లు చూపించి, హాజరు షీటు మీద సంతకాలు తీసుకోవడం. మొదటి పద్ధతిలో పాత ఆపరేటర్ అలవాట్లు మంచీ చెడూ కలిపి కొత్తవాడికి అంటుకుంటాయి. రెండోది ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడం.

శిక్షణకంటూ వేరే విభాగం లేని షాపులో సూపర్‌వైజరూ, మెషిన్‌ను పనికి సిద్ధం చేసే సెట్టరూ కలిసి ఈ పనిని సక్రమంగా ఎలా చేయవచ్చో కింద వరుసగా ఉంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకున్నాం: సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్ (కంప్యూటర్ నడిపే లేత్) మీద కొలత తేడా వస్తే వేర్ ఆఫ్‌సెట్ (టూల్ అరుగుదలకు తగ్గట్టు మెషిన్‌లో వేసే దిద్దుబాటు) సరిచేయడం. మీ షాపులో పని అసెంబ్లీ అయినా, ప్యాకింగ్ అయినా వరుస ఇదే.

1. ముందు రిజెక్షన్ రిజిస్టర్ తీయండి

"మనవాళ్ళకి ట్రైనింగ్ కావాలి" అన్న మాట దగ్గర మొదలుపెడితే డబ్బు వృథా. గత మూడు నెలల రిజెక్షన్, రీవర్క్ నమోదులు తీసి, ఒక్కో తప్పునూ నాలుగు రకాలుగా వేరు చేయండి: ఏ లోపం, ఏ మెషిన్, ఏ షిఫ్టు, ఎవరి చేతిలో.

ఒకే లోపం ఆ మెషిన్ మీద ఎవరు నిలబడినా వస్తుంటే అది మెషిన్‌దో, ఫిక్చర్‌దో, ప్రోగ్రామ్‌దో. ఎన్ని క్లాసులు పెట్టినా పోదు. రాత్రి షిఫ్టులోనే వస్తుంటే వెలుతురు, నిద్ర, సెట్టర్ లేకపోవడం చూడాలి. జాబ్ (మెషిన్ మీద చేసే ముక్క) మార్చిన తర్వాతి మొదటి పది ముక్కల్లోనే వస్తుంటే సెట్టింగ్ తనిఖీలో లోటు ఉంది. ఒకరిద్దరి చేతిలో మాత్రమే వస్తూ, అదే మెషిన్ మీద మిగతావాళ్ళు బాగా చేస్తుంటే అప్పుడది నేర్పాల్సిన విషయం.

అప్పుడు కూడా ఇంకో ప్రశ్న ఉంది. ఎదురుగా నిలబడి చేయమంటే అతను సరిగ్గా చేయగలడా? చేయగలిగితే అతనికి పని వచ్చు. రోజూ ఎందుకు చేయడం లేదన్నది వేరే లెక్క. నాలుగు మెషిన్లకు ఒకే మైక్రోమీటర్ ఉండొచ్చు. ఇన్సెంటివ్ ముక్కల సంఖ్య మీద కడుతుంటే ప్రతి పదో జాబ్ కొలవడం అతనికి నష్టం. కొలవడం ఎంత బాగా నేర్పినా ఆ లెక్క మారనంత కాలం అతను కొలవడు, అందులో అతని తప్పూ లేదు. శిక్షణ పేరుతో జరిగే ఖర్చులో చాలా భాగం ఇలా శిక్షణతో తీరని సమస్యల మీద పోతుంది కాబట్టి ఈ అడుగు దగ్గర తొందరపడొద్దు.

2. నేర్పాల్సింది ఒక్క వాక్యంలో రాయండి

"ఆఫ్‌సెట్‌ల మీద అవగాహన కల్పించడం" అని రాస్తే నేర్చుకున్నాడో లేదో ఎవరూ తేల్చలేరు. వాక్యంలో మూడు ఉండాలి: ఏం చేయాలి, ఏయే సదుపాయాలతో, ఎంత కచ్చితంగా. ఇలా: "డ్రాయింగ్, 25–50 మి.మీ. మైక్రోమీటర్ ఇస్తే, సెట్టర్ సాయం లేకుండా, 32 మి.మీ. బయటి వ్యాసంలో వచ్చిన తేడాను కొలిచి, వేర్ ఆఫ్‌సెట్ సరిచేసి, తర్వాతి జాబ్‌ను 31.98కీ 32.00కీ మధ్య తేవాలి. వరుసగా మూడుసార్లు." ఈ వాక్యమే చివర్లో పరీక్ష కూడా. వేరే ప్రశ్నపత్రం అక్కర్లేదు.

3. పనిని విడగొట్టే షీటు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940–45 మధ్య, అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని కొత్తవాళ్ళు లక్షల్లో వచ్చిపడ్డారు. వాళ్ళకి త్వరగా పని నేర్పడానికి 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే కార్యక్రమం నడిచింది. యుద్ధం తర్వాత అది జపాన్‌కి వెళ్ళి టొయోటా లాంటి సంస్థల్లో స్థిరపడింది. దాంట్లోంచి వచ్చిన మూడు గళ్ళ షీటు ఇప్పటికీ చిన్న షాపులకు అన్నిటికన్నా పనికొచ్చే సాధనం. ఎడమ గడిలో ఏం చేయాలి, మధ్య గడిలో కీలకం ఏమిటి, కుడి గడిలో ఎందుకు. తప్పితే జాబ్ పోయేది, చేయి తెగేది, లేదా పని సులువయ్యే కిటుకు, ఈ మూడే కీలకం కిందికి వస్తాయి. మిగతాది రాయొద్దు.

షీటును ఆఫీసులో కూర్చుని రాయకూడదు. సెట్టర్ చేస్తుంటే పక్కన నిలబడి రాయాలి. అనుభవం ఉన్నవాడు తన చేయి ఏం చేస్తోందో తాను గమనించడు, మీరే చూసి "ఇప్పుడు ఎందుకలా తుడిచావు?" అని అడగాలి. మన ఉదాహరణకు షీటు ఇలా వస్తుంది:

ఒకటి, జాబ్ తీసి తుడవడం. చిప్స్, కూలెంట్ పోవాలి, చేతికి వెచ్చగా తగలకూడదు. ఎందుకంటే ఉక్కు వేడికి పెరుగుతుంది. 32 మి.మీ. జాబ్ 25 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే సుమారు 0.009 మి.మీ. పెద్దగా చూపిస్తుంది. మన టాలరెన్సే (అనుమతించిన తేడా) 0.02, అంటే సగం దాకా అక్కడే పోయింది.

రెండు, మైక్రోమీటర్ సరిచూడడం. 25–50 మైక్రోమీటర్ రెండు కొనలూ ఎప్పటికీ తాకవు, 25 మి.మీ. స్టాండర్డ్ కడ్డీ పెట్టి సున్నా చూడాలి. 0–25 దానికి అలవాటుపడ్డ కొత్తవాళ్ళు ఇక్కడ తికమకపడతారు. 0.02 లీస్ట్ కౌంట్ (చదవగల అతి చిన్న కొలత) ఉన్న వెర్నియర్‌తో ఈ జాబ్ కొలవడం కుదరదు, ఎందుకంటే దాని మీద ఒక్క గీతే మన మొత్తం టాలరెన్స్. 0.001 దాకా చదివే మైక్రోమీటర్ ఉంటే మంచిది.

మూడు, కొలవడం. జాబ్ పొడవునా రెండు చోట్ల, రాచెట్ (మైక్రోమీటర్ చివర తిప్పే గుండీ) రెండు మూడు టిక్కులు. రెండు చోట్లా తేడాగా వస్తే అది టేపర్ (ఒక కొన లావు, ఒక కొన సన్నం), ఆఫ్‌సెట్‌తో పోదు. అక్కడే ఆగి సెట్టర్‌ని పిలవాలి.

నాలుగు, లెక్క. కావలసినది మైనస్ వచ్చినది. మనకు 31.98–32.00 మధ్య కావాలి కాబట్టి గురి 31.99. వచ్చింది 32.03 అయితే, 31.99 – 32.03 = –0.04. నోటి లెక్క వద్దు, కాగితం మీద. రంధ్రం అయినా సూత్రం మారదు: 30.00 కావాలి, 29.97 వచ్చింది, దిద్దుబాటు +0.03. వ్యాసం లెక్కలో సెట్ చేసిన మెషిన్లకు ఇది సరిపోతుంది, రేడియస్ లెక్కలో ఉంటే సగం వేయాలి. మీ మెషిన్ ఏ లెక్కలో ఉందో షీటు రాసే రోజే సెట్టర్‌తో ఖాయం చేసుకుని పైన పెద్దక్షరాల్లో రాయండి.

ఐదు, వేర్ పేజీ తెరిచి ఆ టూల్ వరుసలో ఎక్స్ (వ్యాసం దిశ) గడి మీద కర్సర్ పెట్టడం. జామెట్రీ పేజీ (టూల్ అసలు కొలతలుండేది) కాదు. రెండు పేజీలూ చూపుకి ఒకేలా ఉంటాయి, అదే ప్రమాదం.

ఆరు, గుర్తు, దశాంశ బిందువుతో సహా విలువ కొట్టి +ఇన్‌పుట్ నొక్కడం. ఫానుక్ కంపెనీ కంట్రోలర్ (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) మీద ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఉత్త ఇన్‌పుట్ నొక్కితే పాత విలువ పోయి కొత్తది కూర్చుంటుంది, +ఇన్‌పుట్ నొక్కితే పాతదానికి కొత్తది కలుస్తుంది. అప్పటికే గడిలో –0.02 ఉందనుకోండి. +ఇన్‌పుట్‌తో –0.06 అవుతుంది, జాబ్ 31.99కి వస్తుంది. ఉత్త ఇన్‌పుట్‌తో –0.04 అవుతుంది, జాబ్ 32.01 దగ్గర ఆగుతుంది. ఆపరేటర్ 'వేసినా పనిచేయడం లేదు' అనుకుని మళ్ళీ మళ్ళీ వేస్తాడు. గుర్తు తారుమారైతే 32.07 వస్తుంది, అది రీవర్క్‌తో దక్కుతుంది. అదే తప్పు రంధ్రం పెద్దదయ్యే వైపు జరిగితే జాబ్ స్క్రాప్.

ఏడు, తర్వాతి జాబ్ కొలిచి, పాత విలువ, కొత్త విలువ, కొలత లాగ్ షీటులో రాయడం.

ఏడుకు మించి అంశాలొస్తే పనిని రెండు ముక్కలు చేసి రెండు రోజులు నేర్పండి.

షీటు రాస్తుండగానే ఒక విషయం బయటపడుతుంది: కొన్ని తప్పుల్ని మనిషికి నేర్పే కన్నా మెషిన్ దగ్గరే అడ్డుకోవడం తేలిక. వేర్ ఆఫ్‌సెట్‌కు గరిష్ఠ పరిమితి విధించే పారామీటర్ ఫానుక్‌లో ఉంటుంది. దాన్ని పెట్టిస్తే –0.04 బదులు –4 కొట్టినా మెషిన్ ఒప్పుకోదు. దానికి జతగా ఒక నియమం: దిద్దుబాటు 0.10 దాటితే వేయకుండా సెట్టర్‌ని పిలవాలి. ఇన్‌సర్ట్ (టూల్ కొసన ఉండే కోసే ముక్క) అరుగుదల ఒక్కసారిగా అంత ఉండదు. అంచు విరిగి ఉంటుంది, లేదా జాబ్ చక్‌లో (జాబ్‌ను పట్టుకునే భాగం) సరిగ్గా కూర్చోలేదు.

4. నేర్పేవాణ్ణి ఎంచడం

షాపులో అందరికన్నా చురుకైన ఆపరేటరే మంచి శిక్షకుడని అనుకోవడం సహజం, కానీ తరచూ తప్పుతుంది. వేగంగా చేసేవాడు అడుగులు దాటేస్తాడు. ఓపిక ఉండి, అడిగిన ప్రశ్నకు చిరాకుపడనివాడు, షీటు ప్రకారమే చేసేవాడు కావాలి. నేర్పే గంటల్లో అతని ఉత్పత్తి టార్గెట్ తగ్గించండి. ఇది చాలా షాపుల్లో జరగదు, శిక్షణ చతికిలబడేదీ అక్కడే. మెషిన్ గంట రేటు 400 రూపాయలు అనుకుంటే, రోజుకో గంట చొప్పున పది రోజులకు 4,000. స్క్రాప్ అయ్యే జాబ్‌ల ఖర్చుతో పోల్చి యజమానికి కాగితం మీద చూపిస్తే ఒప్పుకుంటారు. నోటితో అడిగితే "ప్రొడక్షన్ అయ్యాక చూద్దాం" అంటారు.

5. నేర్పే వరుస

ఒక విడత ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. షిఫ్టు మొదట్లో పెట్టండి. చివర్లో అందరి కన్నూ గేటు మీద ఉంటుంది.

మొదట అతనికి ఏం తెలుసో కనుక్కోండి. ఐటీఐ చదివిన వాడికి మైక్రోమీటర్ మొదటి నుంచి చెబితే విసుగు, ఏడాది హెల్పర్‌గా ఉండి వచ్చినవాడికి చెప్పకపోతే నష్టం. నేర్పేవాడు అతని పక్కనే, స్క్రీన్ వైపు ఇద్దరూ ముఖం పెట్టి నిలబడాలి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి.

తర్వాత చూపించడం, మూడుసార్లు. మొదటిసారి అడుగులు మాత్రమే చెబుతూ. రెండోసారి కీలకాలతో. మూడోసారి కారణాలతో. మూడూ ఒకేసారి చెబితే వినేవాడికి ఏదీ మిగలదు.

అప్పుడు అతని చేత చేయించడం. మొదట మాటలేకుండా చేయనివ్వండి, తప్పు చేయబోతుంటే వెంటనే ఆపండి, చేశాక దిద్దడం వద్దు. రెండోసారి అడుగులు పైకి చెబుతూ, మూడోసారి కీలకాలు, నాలుగోసారి కారణాలు చెబుతూ చేయాలి. చేయి సరిగ్గా ఆడుతున్నా 'ఎందుకు' చెప్పలేకపోతే నేర్చుకోలేదనే లెక్క. రేపు జాబ్ మారితే తడబడతాడు.

"అర్థమైందా?" అని అడగొద్దు. మదనపల్లె నుంచి వచ్చిన కుర్రాడైనా తుమకూరు కుర్రాడైనా జవాబు ఒకటే: "అయ్యిందన్నా". బదులుగా "32.02 వచ్చింది, ఏం వేస్తావు?" అని అడగండి.

సాధనకు స్క్రాప్ భయం లేకుండా చేయడానికి రెండు దారులున్నాయి. మొదటి రోజు స్పిండిల్ ఆపి, ప్రోగ్రామ్‌లో వాడని ఆఫ్‌సెట్ వరుస మీద పదిసార్లు విలువలు వేయించండి, తీయించండి. రెండో రోజు సెట్టర్ కావాలనే అసలు టూల్ వరుసలో +0.08 కలిపి ఉంచాలి. జాబ్ 32.07 దగ్గర వస్తుంది, అంటే లోహం ఇంకా మిగిలే ఉంటుంది. కుర్రాడు కొలిచి, లెక్కవేసి, –0.08 వేసి, తర్వాతి జాబ్‌తో చూసుకోవాలి. పెద్దగా వచ్చిన జాబ్‌ను మళ్ళీ కోసి వాడుకోవచ్చు. నిజమైన కోత, నిజమైన కొలత, నష్టం మాత్రం లేదు. రంధ్రానికైతే –0.08 వేసి ఉంచాలి, గుర్తు మరిచిపోవద్దు.

భాష సంగతి బెంగళూరులో తప్పించుకోలేం. సెట్టర్ కన్నడిగ, ఆపరేటర్ హిందూపురం నుంచి, హెల్పర్ ఒడిశా నుంచి, స్క్రీన్ ఇంగ్లీషు. స్క్రీన్ మీద ఉన్న పదాలను అలాగే ఉంచండి, అనువదిస్తే బటన్ వెతుక్కోలేరు. కారణాలు మాత్రం నేర్చుకునేవాడి ఇంటి భాషలో చెప్పించండి, అవసరమైతే అదే షిఫ్టులోని ఇంకో తెలుగు ఆపరేటర్‌ని పది నిమిషాలు పిలిచి. షీటులో వాక్యాలు తగ్గించి, స్క్రీన్ ఫోటో మీద బాణం గుర్తు వేయండి. ప్రమాదంలో అరిచే మాట ఏదో ఒక్కటే ఖాయం చేసి, షాపంతా అదే వాడాలి.

6. మరుపుకు ముందే మళ్ళీ అడగడం

నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా పోతుందని, తర్వాత ఆ వేగం తగ్గుతుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని రాశాడు. కాబట్టి ఒకేరోజు నాలుగు గంటలు నేర్పే కన్నా మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఐదేసి నిమిషాలు అడగడం మేలు. అడిగేటప్పుడు షీటు దాచేయాలి. చూసి చదివితే వచ్చినట్టే ఉంటుంది. బయటి వ్యాసం, రంధ్రం రెండూ వచ్చాక ప్రశ్నలు కలిపి అడగండి, అసలు తికమక అప్పుడే తెలుస్తుంది.

మొదటి వారం రోజుకు మూడుసార్లు, రెండో వారం రోజుకోసారి, ఆపైన వారానికోసారి శిక్షకుడు వచ్చి చూడాలి. సందేహం వస్తే ఎవరిని అడగాలో పేరు పెట్టి చెప్పండి. పేరు చెప్పకపోతే దగ్గరున్నవాణ్ణి అడుగుతాడు, వాడు చెప్పిందే నేర్చుకుంటాడు.

7. స్కిల్ మ్యాట్రిక్స్

ఎవరికి ఏ పని ఎంత వచ్చో చూపే పట్టిక ఇది. అడ్డంగా పనులు, నిలువుగా పేర్లు, గడిలో నాలుగు భాగాల గుండ్రం. ఒక భాగం నింపితే తెలుసు, రెండు అయితే సాయంతో చేస్తాడు, మూడు అయితే ఒంటరిగా, నాలుగు అయితే ఇంకొకరికి నేర్పగలడు. నాణ్యత నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 9001:2015లో 7.2 క్లాజు సామర్థ్యానికి ఆధారాలు ఉంచమంటుంది కాబట్టి చాలా షాపుల్లో ఇది గోడ మీద ఉంటుంది. ఆడిట్ ముందు రోజు ఆఫీసులో కూర్చుని నింపింది కూడా చూడగానే తెలిసిపోతుంది: అందరికీ మూడే, ఏడాదిగా ఒక్క గడీ మారలేదు.

ఇది పనికిరావాలంటే రెండో అడుగులో రాసిన వాక్యం ప్రకారం ఎదురుగా చేసి చూపినప్పుడే గడి నింపాలి, పక్కన తేదీ వేయాలి. ఆరు నెలలు ఆ పని ముట్టని వాడికి ఒక భాగం తగ్గించాలి. దీనికి కుర్రాళ్ళు అలుగుతారు, అయినా తగ్గించాలి. కీలకమైన ప్రతి పనికీ ప్రతి షిఫ్టులో కనీసం ఇద్దరు మూడో స్థాయిలో ఉండాలి. సంక్రాంతికి సగం షాపు ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఈ గోడ కాగితం విలువ తెలుస్తుంది. తర్వాత ఎవరికి ఏం నేర్పాలన్నది కూడా ఇందులోని ఖాళీలే చెబుతాయి.

8. ఫలితం కొలవడం

అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959 నుంచి రాసిన వ్యాసాల్లో శిక్షణను నాలుగు మెట్లుగా కొలవమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నాడా, పనిలో వాడుతున్నాడా, సంస్థకు ఫలితం కనిపించిందా. ఫీడ్‌బ్యాక్ ఫారాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. టీ, సమోసా బాగుంటే మార్కులు బాగుంటాయి. షాపులో మూడో మెట్టు మీద దృష్టి పెట్టండి: ముప్పయ్యో రోజున చెప్పకుండా వెళ్ళి, చేతిలో షీటుతో పది నిమిషాలు గమనించండి. ఏ అడుగు అందరూ వదిలేస్తున్నారో రాసుకోండి. ముగ్గురు ఒకే అడుగు వదిలేస్తుంటే లోపం వాళ్ళది కాకపోవచ్చు. తుడవడానికి గుడ్డే లేదేమో చూడండి.

నాలుగో మెట్టుకి అదే జాబ్ మీద, కొలత తప్పుల రిజెక్షన్ మాత్రమే, శిక్షణకు ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు పోల్చండి. మొత్తం రిజెక్షన్ తీసుకుంటే మెటీరియల్ లోపాలు కూడా కలిసిపోతాయి. ఆరు రిజెక్షన్లు నాలుగైనంత మాత్రాన పండగ చేసుకోవద్దు, అంత చిన్న అంకెలు శిక్షణ లేకుండానే మారతాయి.

9. బయటి సాయం, అప్రెంటిస్‌లు

అన్నీ లోపలే నేర్పక్కర్లేదు. ప్రోగ్రామింగ్, డ్రాయింగ్ చదవడం, జామెట్రికల్ టాలరెన్స్‌లు లాంటివి రాజాజీనగర్‌లోని ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రం, పీణ్యలోని ఎన్‌టీటీఎఫ్ (నెట్టూర్ టెక్నికల్ ట్రైనింగ్ ఫౌండేషన్), తుమకూరు రోడ్డులోని సీఎంటీఐ (సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్) లాంటి చోట్ల నేర్పించవచ్చు. పంపేముందు అతను తిరిగొచ్చాక ఏ పని చేయాలో రాసివ్వండి, వచ్చిన వారంలోనే ఆ పని అప్పజెప్పండి. లేకపోతే సర్టిఫికెట్ ఫైల్లోకి వెళ్తుంది.

అప్రెంటిస్ చట్టం 1961 కింద, కాంట్రాక్టు వాళ్ళతో కలిపి 30 లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలు తమ బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2016లో మొదలైన నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్ కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా, కేంద్రం భరిస్తుంది. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నమోదైతేనే ఇది వర్తిస్తుంది. అప్రెంటిస్‌ని తక్కువ జీతపు హెల్పర్‌గా చూసే షాపుల్లో వాళ్ళు ఏడాది నిండగానే పక్క షెడ్డుకి వెళ్ళిపోతారు. చేరిన రోజే మ్యాట్రిక్స్‌లో పేరు రాసి, మూడు నెలలకు ఏ గడులు నిండాలో చూపించండి.

10. షీటు పాతబడనివ్వొద్దు

షీటు కింద తేదీ, రివిజన్ నంబరు ఉండాలి. డ్రాయింగ్ మారినా, ఇన్‌సర్ట్ రకం మారినా, కంట్రోలర్ మారినా ఆ రోజే షీటు మార్చి పాతది చింపేయండి. రెండు రకాల షీట్లు షాపులో తిరుగుతుంటే జనం తమకు తేలికైనది పట్టుకుంటారు. కాపీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కూలెంట్ చిమ్మే తలుపు వైపు కాకుండా కంట్రోల్ ప్యానెల్ పక్కన తగిలించండి. దాని మీద పెన్నుతో మార్పులు రాసుకునే ఖాళీ వదలండి. ఆపరేటర్ల చేతిరాత కనిపించిన షీటునే తర్వాతి రివిజన్‌కి ఆధారంగా తీసుకోండి.